ఆర్కెస్ట్రాలో వాయిస్తే ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ఫస్టియర్, చిన్నప్పట్నుంచీ వెస్టర్న్ వయొలిన్ నేర్చుకుంటోంది. సింఫనీ ఆర్కెస్ట్రాలో, అంటే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించే పెద్ద బృందంలో చేరతానని, జైళ్ళకీ, ఇల్లులేని వాళ్ళుండే షెల్టర్లకీ వెళ్ళి కూడా వాయిస్తానని అంటోంది. మావారేమో అది తిండి పెడుతుందా అని గొడవ. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీవారి భయంలో నిజముంది. మన దేశంలో ప్రొఫెషనల్ సింఫనీ ఆర్కెస్ట్రా అంటే ముంబైలోని ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రంలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా పేరే చెప్పుకోవాలి. అమెరికాలో ఆడిషన్ తొలి రౌండ్లు చాలాచోట్ల తెర వెనకాలే, వాయించేదెవరో జడ్జీలకి కనపడదు, మోజార్ట్ కన్సెర్టో (ఒక వాద్యం ముందుండి, ఆర్కెస్ట్రా తోడుండే రచన), ఆర్కెస్ట్రా రచనల్లోంచి కొన్ని ముక్కలు వాయించాలి, ఒక స్వరం జారితే ఇంటికే. సెలెక్ట్ అయినా ప్రొబేషన్ ఉంటుంది.

కానీ మీ అమ్మాయి అడుగుతున్న రెండో సంగతి గాలిమాట కాదండీ. రాబర్ట్ విజయ్ గుప్తా అని మన భారతీయ మూలాలున్న వయొలినిస్టు, 2007లో 19 ఏళ్ళకే అమెరికాలో లాస్ ఏంజిలిస్ ఫిల్హార్మోనిక్ అనే ఆర్కెస్ట్రాలో చేరాడు. జూలియార్డ్ అనే పేరున్న మ్యూజిక్ కాలేజీలో చదివి, స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుతో రోడ్డున పడ్డ నథానియెల్ ఏయర్స్‌కి పాఠాలు చెప్పేవాడు. ఓరోజు ఆయన బాగా అల్లకల్లోలంగా వచ్చి ఏవేవో దయ్యాల గురించి మాట్లాడుతుంటే, గుప్తా స్కేల్సూ థియరీ పక్కనపెట్టి బీథోవెన్ కన్సెర్టో మొదలుపెట్టాడట, కాసేపటికి ఆయన కుదుటపడి తన వయొలిన్ తీసి మెండెల్సన్, చైకోవ్‌స్కీ ముక్కలు నొటేషన్ లేకుండా, విన్న జ్ఞాపకంతోనే వాయిస్తూ మిగతాది నువ్వు పూర్తిచెయ్యి అన్నాడట. నాకైతే ఇది చదివాక ఏ కచేరీ హాలూ దీనికి సాటి రాదనిపించింది. 2011లో గుప్తా స్ట్రీట్ సింఫనీ అనే సంస్థ పెట్టి, లాస్ ఏంజిలిస్‌లో ఇల్లులేని వాళ్ళు ఎక్కువగా ఉండే స్కిడ్ రో ప్రాంతపు షెల్టర్లలో, జైళ్ళలో వాయిస్తూ వచ్చాడు, 2018లో అమెరికాలో పెద్ద గౌరవమైన మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ కూడా వచ్చింది. అదే లాస్ ఏంజిలిస్ ఆర్కెస్ట్రా 2007 నుంచి యోలా అనే కార్యక్రమంలో పేదపిల్లలకి ఉచితంగా వాద్యాలిచ్చి నేర్పిస్తోంది, అంటే ఇలాంటి పని పెద్ద ఆర్కెస్ట్రాలు కూడా చేస్తున్నాయి.

అందుకని పాపని ఆపకండి. డిగ్రీ మాత్రం మానిపించొద్దు, గుప్తా కూడా బయాలజీ చదివాకే యేల్ యూనివర్సిటీలో మ్యూజిక్ మాస్టర్స్ చేశాడు. పిల్లలకి పాఠాలు చెప్పడం ఇప్పుడే మొదలుపెడితే చేతికి నాలుగు డబ్బులొస్తాయి. దగ్గర్లోని వృద్ధాశ్రమంలో అడిగి ప్రతి వారం ఒకే రోజు, ఒకే టైముకి వాయించమనండి, ఏడాదికోసారి ఫొటోలకి వెళ్ళడం కాదు. ఒకటి రెండుసార్లు మీవారిని కూడా తీసుకెళ్ళమనండి.