యూదు పొరుగువారు భయంలో ఉన్నప్పుడు మన తెలుగు సంఘం ఎలా వెళ్లాలి?

గుంటూరు జిల్లా నుంచి అమెరికాకు వచ్చి కాన్సాస్ రాష్ట్రంలోని ఓవర్లాండ్ పార్క్‌లో కాపురం పెట్టి ఇంకా ఏడాది నిండని ఒక సోదరి ఈ ప్రశ్న అడిగారు. వారి పక్కింట్లో వృద్ధులైన యూదు దంపతులు ఉంటారట. ఆ దంపతులు వెళ్లే సినగాగ్ (యూదుల ప్రార్థన మందిరం) ముందు శనివారం వచ్చిందంటే పోలీసు కారు నిలబడి ఉంటుందనీ, అది యూదుల ఇల్లని తెలిపేలా ద్వారబంధానికి బయట ఉండే మెజూజా అనే చిన్న పెట్టెను వారు ఈ మధ్య తీసి లోపలి గుమ్మానికి పెట్టుకున్నారనీ, అది చూసినప్పటి నుంచి తన మనసు కుదుటగా లేదనీ ఆమె రాశారు. తమ తెలుగు సంఘం వారి కోసం ప్రార్థన చేయాలనీ, వెళ్లి పలకరించాలనీ అనుకుంటోంది. అయితే ఎలా వెళితే వారికి భారం కాకుండా ఉంటుందన్నది ఆమె సందేహం.

సోదరీ, తప్పకుండా వెళ్లండి. అయితే వెళ్లే ముందు మీరు కాపురం పెట్టిన ఈ జాన్సన్ కౌంటీలో ఏం జరిగిందో తెలుసుకోండి. 2014 ఏప్రిల్ 13, మట్టల ఆదివారం మధ్యాహ్నం, పస్కా పండుగ మొదలయ్యే సాయంత్రానికి ఒక్క రోజు ముందు, యూదులను చంపాలనే పగతో ఒక వ్యక్తి ఓవర్లాండ్ పార్క్‌లోని యూదు కమ్యూనిటీ సెంటర్ దగ్గరా, విలేజ్ షాలోమ్ అనే వృద్ధుల నివాసం దగ్గరా కాల్పులు జరిపాడు. పాటల పోటీకి వచ్చిన 14 ఏళ్ల బాలుడు, అతన్ని తీసుకొచ్చిన తాతగారు, తల్లిని చూడటానికి వచ్చిన ఒక మహిళ చనిపోయారు. ముగ్గురిలో ఒక్కరు కూడా యూదులు కారు. తాతా మనవడూ మెథడిస్టులు, ఆమె కేథలిక్. మూడేళ్ల తరువాత, 2017 ఫిబ్రవరి 22న, ఇదే కౌంటీలోని ఒలేతాలో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు "నా దేశం విడిచి పొండి" అని అరిచి కాల్చి చంపాడు. ఆయనను ఇరాన్ దేశస్థుడనుకున్నానని తరువాత చెప్పుకున్నాడు. క్రైస్తవులను యూదులనుకున్నవాడు ఒకడు, తెలుగువాడిని ఇరానీయుడనుకున్నవాడు మరొకడు. మీ పక్కింటివారి భయం వారి ఒక్కరిదే అని ఈ ఊళ్లో ఉంటూ మనం అనుకోలేం.

ఆ భయం పాతబడలేదు కూడా. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్‌లోని ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్‌లో శనివారం ఉదయపు ఆరాధనకు వచ్చిన 11 మందిని చంపినవాడు, అక్కడి యూదులు శరణార్థులకు సహాయం చేస్తున్నారన్న కోపంతో ఆ పని చేశాడు. వలస వచ్చినవారికి తలుపు తెరిచినందుకు వారు ప్రాణాలు ఇచ్చుకున్నారని, వలస వచ్చిన మనం గుర్తుపెట్టుకోవాలి. 2025 మే 21న వాషింగ్టన్‌లో యూదు మ్యూజియం బయట హత్యకు గురైన ఇద్దరు యువ ఇజ్రాయెల్ దౌత్య కార్యాలయ ఉద్యోగులలో ఒకరు ఈ కాన్సాస్‌లో పెరిగిన అమ్మాయే. ఆమె చదివిన బడి ముందు నుంచే మీలో కొందరు రోజూ ఆఫీసుకు వెళుతూ ఉంటారు.

ఇక ఎలా వెళ్లాలన్న సంగతి. ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి మీకు చెప్పాలి. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో మా వీధిలోని ఒక యూదు పెద్దాయన చనిపోతే, పూలగుత్తి కొనుక్కుని, దానికి కట్టిన కార్డులో మా సంఘం వారి సువార్త కరపత్రం కూడా పెట్టి, వారి ఇంటికి వెళ్లాను. ఆయన భార్య పూలు తీసుకుని బల్ల మీద పెట్టి, కరపత్రాన్ని మాత్రం మడత విప్పకుండా నా చేతికి తిరిగి ఇచ్చేసింది. ఒక్క మాట కూడా అనలేదు. ఆ ముఖం చూశాక, నేను ఓదార్చడానికి రాలేదనీ, దుఃఖంలో ఉన్న మనిషిని నా పనికి వాడుకోవడానికి వచ్చాననీ నాకు అర్థమైంది. అంత్యక్రియల తరువాత ఏడు రోజులు ఇంట్లోనే కూర్చుని దుఃఖించడం వారి ఆచారమనీ, ఆ ఇంటికి పూలు తీసుకెళ్లరనీ, దుఃఖంలో ఉన్నవారు మాట్లాడేదాకా వచ్చినవారు మౌనంగా కూర్చుంటారనీ నేను ఆ తరువాతనే నేర్చుకున్నాను. ఆమె మళ్లీ నాతో మనసు విప్పి మాట్లాడటానికి రెండు చలికాలాలు పట్టింది. ఆ రెండు చలికాలాలూ వారి వాకిట మంచు తీయడం తప్ప నేను మరేమీ చేయలేదు.

అందువల్ల మీ సంఘ పెద్దలకు ముందే స్పష్టంగా చెప్పండి: ఈ పలకరింపులో మతమార్పిడి ఉద్దేశం ఏ మూలా ఉండకూడదు. బలవంతపు బాప్తిస్మాలూ, గుడ్ ఫ్రైడే ప్రసంగాలు విని యూదుల వీధుల మీద పడిన గుంపులూ యూరప్ చరిత్రలో ఉన్నాయి. మనకు ఆ చరిత్ర తెలియకపోవచ్చు గానీ వారి ఇళ్లలో అది మరుపుకు రాలేదు. క్రీస్తు మరణానికి అప్పటి యూదులందరినీ గానీ, నేటి యూదులను గానీ బాధ్యులను చేయరాదని కేథలిక్ సంఘం 1965లో అధికారికంగా ప్రకటించింది. మన తెలుగు సంఘాలలో మాత్రం సిలువ ధ్యానాలలో "యూదులు చంపారు" అన్న మాట ఇప్పటికీ అలవాటుగా దొర్లిపోతోంది. పక్కింటివారి కోసం మోకరించే సంఘం ఆ మాటను ముందుగా మానుకోవాలని నా గట్టి అభిప్రాయం.

దానికి ఎదురుగా ఉన్న మరో అలవాటు కూడా వారిని ఇబ్బంది పెడుతుంది. పొట్టేలు కొమ్ము బూర ఊదడం, వారి ప్రార్థన శాలువా కప్పుకోవడం, "మీరు దేవుని ప్రజలు, ప్రవచనాలు మీ ద్వారానే నెరవేరుతాయి" అని చేతులు పట్టుకోవడం మనవారు కొందరు ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ వృద్ధ దంపతులు ప్రవచనం కాదు, మందుల చీటీలూ మనవళ్ల ఫోటోలూ ఉన్న మనుషులు. అలాగే ఇజ్రాయెల్, గాజా యుద్ధం గురించి వారిని సంజాయిషీ అడగకండి, వారి తరఫున మీరూ నినాదాలు ఇవ్వకండి. మీ ఆఫీసులో భయంతో ఉన్న ముస్లిం సహోద్యోగినీ ఇదే ప్రేమతో పలకరించండి. ఒకరితో స్నేహం మరొకరితో వైరం కానక్కరలేదు.

ఏదైనా వండి తీసుకెళ్లాలన్నది మన తెలుగువారి మొదటి ఆలోచన. ముందు అడగండి. కోషర్ అనే యూదుల ఆహార నియమం పాటించే ఇంట్లో, మాంసం లేకపోయినా, మన వంటింటి గిన్నెల్లో వండినది తినరు. కోయని పండ్లు ఇస్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు. పస్కా రోజుల్లో పులిసిన రొట్టె ముట్టరు, యూరప్ మూలాలున్న కుటుంబాలు చాలావరకు బియ్యం, పప్పులు కూడా మానేస్తాయి కాబట్టి ఆ వారం ఇడ్లీ, పులిహోర ఆలోచన వద్దు. వారి విశ్రాంతి దినం శుక్రవారం సాయంత్రమే మొదలవుతుంది కనుక ఇచ్చేది ఏదైనా ఆ రోజు పొద్దు గుంకక ముందే ఇచ్చి రండి. సినగాగ్‌కు వెళ్లాలంటే ముందు రోజుల్లో వారి కార్యాలయానికి ఫోన్ చేసి, ఎంతమంది వస్తున్నారో, ఎవరెవరో చెప్పండి. గుర్తింపు కార్డు పెట్టుకోండి, వీపున సంచి వేసుకోకండి, లోపల ఫోన్ తీయకండి. తలుపు దగ్గర కాపలాదారు నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడిగితే మన రంగు చూసి అడిగాడని నొచ్చుకోవద్దు. పిట్స్‌బర్గ్ తరువాత ఆ తలుపు దగ్గర నిలబడటం ఎంత బరువైన పనో ఆలోచించండి.

ప్రార్థన విషయానికి వస్తే, మీ సంఘంలో, మీ కూటంలో మీరు ప్రార్థించే తీరులోనే ప్రార్థించండి, అందులో దాచవలసినది ఏదీ లేదు. వారి ఇంట్లో, వారి మందిరంలో మాత్రం వారి ప్రార్థనలో నిలబడండి. కీర్తనల గ్రంథం ఇద్దరికీ ఉంది. ఇరవై మూడవ కీర్తన వారు హీబ్రూలో చదువుతుంటే మీరు తెలుగులో మనసులో చెప్పుకోవచ్చు. 2008లో ముంబైలోని యూదు కేంద్రం నారిమన్ హౌస్ మీద దాడి జరిగినప్పుడు, అక్కడి యూదు దంపతుల బిడ్డ రెండేళ్ల మోషేను ఎత్తుకుని బయటికి పరుగెత్తిన ఆయా సాండ్రా శామ్యూల్ క్రైస్తవురాలు. రోజూ ఆ బిడ్డకు అన్నం పెట్టిన చేతులే ఆ రోజు అతన్ని కాపాడాయి.

మీది గుంటూరు జిల్లా అన్నారు కనుక ఇంకొక మాట. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదు కుటుంబాలు సొంత సినగాగ్ కట్టుకుని విశ్రాంతి దినం ఆచరిస్తున్నారు. ఈ సంగతి మీ పక్కింటివారికి చెప్పండి, కూర్చుని వింటారు. మాటల్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదని తెలిస్తే, "మా సంఘంలో వారి పేరు చెప్పి ప్రార్థించవచ్చా?" అని అడగండి. సరేనంటే పేరుతో పాటు తల్లి పేరు కూడా అడిగి రాసుకోండి. రోగుల కోసం ప్రార్థించేటప్పుడు వారు మనిషిని తల్లి పేరుతో కలిపి పిలుస్తారు.