చెరువు ఒడ్డు ఇల్లా, మూడో వీధి ఇల్లా?

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగులం. శివార్లలో చెరువును ఆనుకున్న కాలనీలో ఒకేలా కట్టిన రెండు ఇళ్లు చూశాం. ఒడ్డు మీది ఇంటికి, మూడో వీధి ఇంటికన్నా 25 శాతం ఎక్కువ చెబుతున్నారు. మా పొదుపు ఒడ్డు ఇంటి ధరలో 22 శాతం. అందులో 20 శాతం కట్టి, మిగతాది 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు తీసుకుంటే ఈఎంఐ జీతాల్లో 42 శాతం అవుతుంది. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ నీళ్లు రాలేదని అమ్మేవారు అంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: ఒడ్డు ఇల్లు వద్దు. మూడో వీధి ఇల్లు తీసుకోవచ్చు, అదీ నీటిమట్టం లెక్క తేలి, చేతిలో నిల్వ పెరిగాకే.

మూడో వీధి ఇంటి ధర 100 అనుకుందాం. ఒడ్డుది 125, మీ చేతిలో ఉన్నది 27.5. ఒడ్డు ఇంటికి 25 కట్టేస్తే మిగిలేది 2.5. రిజిస్ట్రేషన్, లాయరు, బ్యాంకు ఫీజులు, రిపేర్లు అన్నీ అందులోంచే రావాలి. సరిపోదు. పైగా 9 శాతానికి 20 ఏళ్ల అప్పు తీరేసరికి తీసుకున్నదానికి 2.16 రెట్లు కడతారు. అదనంగా పెట్టే 25లో 5 మీ పొదుపు, 20 అప్పు. ఆ 20 తీరేసరికి 43 అవుతుంది. అంటే కిటికీలోంచి చెరువు కనబడటానికి మీరు పెట్టేది 25 కాదు, 48.

ఫ్లోటింగ్ (మధ్యలో మారే) వడ్డీ 11 శాతానికి చేరి గడువు మారకపోతే ఈఎంఐ జీతంలో 48 శాతం. ఒక ఉద్యోగం ఆగితే ఆ ఇల్లు నిలబడదు. మూడో వీధి ఇంటికైతే 20 కట్టి 80 అప్పు: ఈఎంఐ 34 శాతం లోపు, వడ్డీ 11 అయినా 39 లోపే. చేతిలో మిగిలే 7.5 మీ మూడున్నర నెలల జీతానికి సమానం. రిజిస్ట్రేషన్ ఖర్చులు తీసేస్తే ఆరు నెలల ఖర్చుల అత్యవసర నిల్వకు అది చాలదు. కాబట్టి కొన్నాళ్లు ఆగి, ఇప్పటి అద్దెకూ రాబోయే ఈఎంఐకీ ఉన్న తేడాను నెలనెలా విడి ఖాతాలో వేయండి. నిల్వ పెరుగుతుంది, ఆ భారం మోయగలరో లేదో కూడా తెలుస్తుంది.

ఇక ‘ముప్పై ఏళ్లలో రాలేదు’ అన్న మాట. ఏటా 1 శాతం ముంపు అవకాశం ఉన్న ఇల్లు కూడా 30 ఏళ్లు పొడిగా ఉండే అవకాశం 74 శాతం. అమ్మేవారు నిజమే చెప్పి ఉండవచ్చు, కానీ అది రుజువు కాదు. అదే ఇంటికి మీ 20 ఏళ్ల అప్పు కాలంలో కనీసం ఒకసారి మునిగే అవకాశం 18 శాతం.

అందుకే బయానా ఇవ్వకముందే సర్వేయరుతో లెవెల్ తీయించండి: ఇంటి నేల మట్టం, చెరువు అలుగు (నిండితే నీళ్లు పొర్లిపోయే గట్టు) పైఅంచు, వీధి కాలువ అడుగు. నేల అలుగు కన్నా ఎత్తులో ఉంటే చాలనుకోకండి. వరదలో నీళ్లు అలుగు మీద ఎత్తుగా పొర్లుతాయి. ఆ గరిష్ఠ వరద మట్టం కన్నా నేల పైన ఉండాలి. మూడో వీధికీ ఇదే పరీక్ష. వీధి కాలువలు చెరువులోకే పోతుంటే, చెరువు నిండినప్పుడు ఆ నీరు బయటికి పోలేక వెనక్కి ఎగదన్నుతుంది. ఒడ్డుకు దూరంగా ఉన్న పల్లపు ఇళ్లు మునిగేది ఇలాగే.

వానలు వెనకబట్టాక ఒకసారి వెళ్లి గోడల అడుగు మూడడుగులు చూడండి. తెల్లటి ఉప్పు పొడి, ఉబ్బిన ప్లాస్టరు ఉంటే భూమిలోంచి చెమ్మ ఎక్కుతోందన్నమాట. ఆ భాగానికి మాత్రమే కొత్త రంగు వేసి ఉన్నా అనుమానించండి. భూగర్భజలం పైకొచ్చే చోట సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకవు. ఖాళీ చేసిన ట్యాంకు పైకి తేలే ప్రమాదమూ ఉంది.

బీమా పాలసీలో ముంపు కలిసి ఉందో లేదో చదవండి. మెల్లగా ఎక్కే చెమ్మకు సాధారణంగా పరిహారం రాదు. ప్రీమియం కొటేషన్ ఇప్పుడే తెప్పించి నెలవారీ ఖర్చులో కలపండి. చివరగా కాలనీ సంఘం మూడేళ్ల లెక్కలు అడగండి. పూడిక తీత, గుర్రపుడెక్క తొలగింపు, కట్ట మరమ్మతు ఎవరి బాధ్యతో అందులో తేలుతుంది. అది సంఘానిదై, నిధి ఖాళీగా ఉంటే ఆ ఖర్చు ఇంటింటికీ పంచుతారు. ఆ మొత్తం ఎంత ఉండొచ్చో రాతపూర్వకంగా తీసుకుని, ధరలో తగ్గించమని అడగండి.