తప్పిపోయిన తమ్ముడు, పోలీసు హీరో, మధ్యలో ప్రేమ: నమ్మొచ్చా?

కనిపించకుండా పోయిన తమ్ముడి కోసం వెతికే అమ్మాయి, ఆ కేసు చూసే పోలీసాఫీసరు ప్రేమలో పడే రొమాంటిక్ సస్పెన్స్ నవలలు నిజానికి దగ్గరగా ఉంటాయా అని అడిగారు. సస్పెన్స్ వరకూ ఉంటాయి. ప్రేమ దగ్గరే నాకు పేచీ. ఎందుకంటే అలాంటి అక్కని నేనే.

మాది తిరుపతి. మా వాడు ఇంటర్ ఫలితాలొచ్చిన రోజు మధ్యాహ్నం బయటికెళ్లి రాత్రయినా ఇంటికి రాలేదు. ఫోన్ స్విచాఫ్. నవలల్లో ఫోన్ స్విచాఫ్ అంటే ఏదో ఘోరం జరిగిందని అర్థం. మా ఊళ్లో అయితే మనిషి దర్శనం క్యూలో ఉన్నాడేమో అనుకుంటారు, లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి. ఆ రాత్రి మాకు అదీ తట్టలేదు.

నాన్నా నేనూ వెళ్లిన మొదటి స్టేషన్‌లో "ఇది మా లిమిట్స్ కాదు, అయినా ఇరవై నాలుగు గంటలు కానీండి" అన్నారు. ఈ ఇరవై నాలుగు గంటల మాట ఇంగ్లీషు సినిమాల నుంచి మన నవలల్లోకి, అక్కణ్ణించి జనం నోళ్లలోకి వచ్చిందని నా నమ్మకం. మన చట్టంలో అలాంటి గడువేమీ లేదు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు కనిపించకపోతే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. 2024 జూలై 1న నేర విచారణ తీరు చెప్పే కొత్త చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) వచ్చాక, నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్‌లో రాసే ఉంది. నవల రాసేవాళ్లు ఇంత మాత్రం చూసుకోరా?

రెండో స్టేషన్‌లో మాతో మాట్లాడింది ఆరడుగుల ఐపీఎస్ కాదు, స్టేషన్ రైటర్, అంటే అక్కడ రికార్డులు రాసే ఆయన. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న హెడ్ కానిస్టేబుల్. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "పిలగాడు చార్జర్ ఎత్తుకుపోయినాడా, ఇంట్లోనే ఉందా?" శత్రువులెవరు, ప్రేమ వ్యవహారాలున్నాయా అని అడుగుతాడనుకుంటే చార్జర్! అమ్మకి ఫోన్ చేశాం. చార్జర్ లేదు. తువ్వాలు కూడా లేదంది. బూట్లు మాత్రం గుమ్మం దగ్గరే ఉన్నాయట.

"చార్జరూ తువ్వాలూ రెండూ ఎత్తుకుపోయినాడంటే ఇంకా నాలుగు రోజులు ఉండాలనే పోయినాడు మా. భయపడొద్దండి. జేబులో దుడ్డు లేని పిలకాయలు ఈ ఊళ్లో యాడికి పోతారు? పైకే."

నిజమే కదా. తిరుమల కొండ కాలినడకన ఎక్కితే బస్సు చార్జీ కూడా అక్కర్లేదు. పైన ఉచిత బస్సులు తిరుగుతుంటాయి. వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం, యాత్రికుల వసతి సముదాయంలో పడక. ఎవరూ ఏమీ అడగరు. తర్వాత ఆయన ఫోటో అందుకుని బొటనవేలితో వాడి జుట్టు మూసేసి చూశాడు. "ఈ జుట్టు ఇప్పటికి ఉండదు. తల మీద మచ్చ ఏమన్నా ఉందా?" వెంటనే నాకు ఒళ్లు జలదరించింది. కొండ మీద గుండు గీయించుకుంటే ఫోటో ఎందుకు పనికొస్తుంది? అక్కడ ఎటు చూసినా గంధం పూసిన గుండ్లే. మచ్చ సంగతి మళ్లీ అమ్మే చెప్పింది: ఎడమ చెవి వెనక, చిన్నప్పుడు మెట్ల మీంచి పడితే కుట్లు వేసిన గుర్తు.

తెల్లవారకముందే పైనున్న కానిస్టేబుళ్లు వాణ్ణి పట్టేశారు. వసతి సముదాయం హాల్లో ప్లగ్ పాయింట్ పక్కన, ఫోన్ చార్జింగ్‌కి పెట్టుకుని నిద్రపోతున్నాడట. నున్నటి గుండు, చెవి వెనక మచ్చ.

ఇప్పుడు ప్రేమ సంగతి. ఆ రాత్రి స్టేషన్‌లో వెలిగించిన దోమల చుట్ట వాసన గుర్తుంది, రైటర్ టేబుల్ మీద మూత సరిగ్గా పడని టిఫిన్ బాక్సు గుర్తుంది. మధ్యలో రెండుసార్లు లోపలికొచ్చి వెళ్లిన ఎస్సై మొహం మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాదు. కుర్రాడే, బాగానే ఉన్నాడని నాన్న తర్వాత అన్నాడు. తోడబుట్టినవాడు ఏమయ్యాడో తెలియని మనిషి ఎదురుగా ఉన్నవాడి భుజాలు చూస్తుందా? పైగా ఆ పోలీసాఫీసరు పిలిస్తే వెళ్లక తప్పదనిపిస్తుంది, అడిగిందల్లా చెప్పక తప్పదనిపిస్తుంది. అలాంటి చోట అతను కాఫీకి పిలిస్తే కాదనే ధైర్యం ఏ అక్కకుంటుంది? దాన్ని ప్రేమ అని ఎలా అంటారు? అందుకే నేననేది, తమ్ముడు దొరికాకే కథలో ప్రేమ మొదలవ్వాలి. ఆ అమ్మాయికి ఇక స్టేషన్‌తో పని లేనప్పుడు ఎక్కడో గోవిందరాజస్వామి గుడి దగ్గర ఎదురుపడి, ఆవిడంతట ఆవిడ పలకరిస్తే నేను నమ్ముతాను.

ఇంకో కోపం కూడా ఉంది. ఈ కథలన్నీ హైదరాబాదులోనో అరకు బంగళాలోనో జరుగుతాయి. తప్పిపోవడానికి తిరుపతిని మించిన ఊరుందా? ఒకవేళ ఎవరైనా రాసినా, తిరుమలలో పిల్లాడు తప్పిపోతే చిత్తూరు నుంచి ఎస్పీ జీపులో దిగుతాడు. 2022 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి విడిపోక ముందు కూడా తిరుపతి అర్బన్‌కి ఎస్పీ వేరే ఉండేవాడండీ!

మీరే అలాంటి నవల రాస్తుంటే మాత్రం చివర్లో పెళ్లి కొండ మీద పెట్టకండి. మంచి ముహూర్తం రోజున రెండు వైపుల బంధువులకీ పైన గదులు దొరికాయని రాస్తే, అప్పటిదాకా నమ్మినవాళ్లు కూడా పుస్తకం మూసేస్తారు. తిరుచానూరులో చేయించండి.