తేనెటీగలు పై గదికి ఎక్కడం లేదా? తప్పు జాలీది కాదు

ప్రశ్న: మాది నంద్యాల జిల్లా. మొదటిసారి 5 పెట్టెల ఇటాలియన్ తేనెటీగలు తెచ్చి పొద్దుతిరుగుడు చేను గట్టున పెట్టాను. పెట్టెలు అమ్మినవారు చెప్పినట్టు అన్నింటికీ ఒకే రోజు రాణి ఈగ జాలీ వేసి, పైన కొత్త మైనపు షీట్లతో తేనె గదులు ఎక్కించాను. 3 వారాలైనా ఈగలు పైకి పోలేదు. వారం కిందట ఒక పెట్టెలో సగం ఈగలు లేచిపోయాయి. అందులో చట్రాల అడుగున వేరుశెనగ కాయల్లా వేలాడుతున్న గూళ్లను వారి సలహాపైనే కోసేశాను. జాలీ నాసిరకమా?

జవాబు: జాలీలో లోపం లేదు. కూలీ ఈగ దూరి రాణి దూరకుండా దాని సందు 4 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ ఉంటుంది. మీరు దాన్ని వేసిన వేళే తప్పు. పైన ఈగలు కట్టిన తేనెపట్టు ఒక్కటీ లేనప్పుడు, జాలీ దూరి వట్టి షీట్ల మీద పని మొదలుపెట్టడానికి ఈగలు ముందుకు రావు. మకరందాన్ని కింద పిల్లల గదిలోనే నింపాయి. గుడ్లు పెట్టే చోటు లేక పాత రాణి సగం ఈగలతో వెళ్లిపోయింది.

ముందు ఆ పెట్టె సంగతి చూడండి. మీరు కోసింది కొత్త రాణి పెరుగుతున్న గూళ్లను! ఎండ మీ భుజం మీదుగా పట్టులోని చిన్న గదుల అడుగున పడేలా చట్రాన్ని పట్టుకోండి. గుడ్డు ఉంటే తెల్ల దారపు తునకలా కనిపిస్తుంది. ఒక్కటీ లేకపోతే బలమైన పెట్టెలోంచి గుడ్లున్న చట్రం ఒకటి, ఈగలను దులిపి, మధ్యలో పెట్టండి. 4వ రోజు దాని మీద రాణి గూళ్లు మొదలైతే రాణి లేనట్టే. వాటిని ముట్టుకోవద్దు. రెండు వారాల్లో రాణి పుడుతుంది, గుడ్లు పెట్టడానికి మరో రెండు వారాలు పట్టవచ్చు. గూళ్లు కట్టకపోతే కన్నె రాణి లోపలే ఉండవచ్చు, ఆగండి.

మిగతా వాటిలో, 10 చట్రాలకు 7, 8 చట్రాలను ఈగలు రెండు వైపులా కప్పిన పెట్టెకే తేనె గది ఉంచండి. జాలీ తీసేయండి. పైన 2, 3 షీట్లు పట్టుగా మారగానే, పై ఈగలన్నింటినీ కిందికి దులిపి జాలీ వేయండి. 5వ రోజు పైన గుడ్లు కనిపిస్తే రాణి అక్కడే ఉండిపోయిందని అర్థం, ఎందుకంటే గుడ్డు 3 రోజులకే పొదుగుతుంది. పైన పోతుటీగల పిల్లలుంటే ఆ ముక్క కోసేయండి. లేదంటే అవి పెద్దవై, జాలీలో ఇరుక్కుని చచ్చి దారి మూసేస్తాయి.

4, 5 చట్రాల ఈగలే ఉన్న పెట్టె మీది గదిని ఈ రోజే దించండి. ఈగలు కాపలా లేని పట్టు మైనపు పురుగు పాలవుతుంది. ఖాళీ చట్రాలు తీసి, ఈగల పక్కన చెక్క పలక అడ్డుపెట్టండి.

పెట్టె తెరవకుండానే అన్నింటికీ ఒకే సలహా ఇచ్చేవారి మాట మీద ఇకపై ఏదీ కొనవద్దు, ఏదీ కోయవద్దు. వారికి తెలిసింది పెట్టెల లెక్క, మీకు కావలసింది ఈగలు కప్పిన చట్రాల లెక్క. పూత ఉన్నన్నాళ్లూ 7 రోజులకోసారి తప్పకుండా తెరిచి చట్రాల అడుగు అంచులు చూడండి. గుడ్డు పెట్టిన 8, 9 రోజులకు రాణి గూడు మూతపడుతుంది, గుంపు లేచేది సాధారణంగా అప్పుడే. 15 రోజులకోసారి చూసేవారికి అది దొరకదు. ఈసారి తెరిచినప్పుడు 5 పెట్టెల చట్రాల లెక్క విడివిడిగా రాసి పంపండి.