పరాయి ఊళ్ళో సెలవు రోజు

ప్రశ్న: అమ్మా, నమస్తే. మాది పలాస దగ్గర పల్లె. చెన్నైలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరి ఎనిమిది నెలలైంది. మైలాపూరులో లేడీస్ హాస్టల్లో ఉంటున్నాను. బుధవారం నాకు వీక్లీ ఆఫ్. మధ్యాహ్నం దాకా నిద్ర, తర్వాత ఫోను, సాయంత్రమయ్యేసరికి ఏడుపు. ఆ రోజు తోటి అమ్మాయిలందరికీ డ్యూటీ ఉంటుంది. ఒక్కదాన్నీ బయటికి వెళ్దామంటే తమిళం అంతంతమాత్రం. ఎక్కువ ఖర్చు పెట్టలేను. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, మైలాపూరు

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్పై నాలుగేళ్ళ కిందట బ్యాంకు బదిలీ మీద నెల్లూరు నుంచి నేనూ ఈ మైలాపూరుకే వచ్చాను. మొదటి ఏడాది ఆదివారాలు ఎలా గడిచాయో నాకింకా గుర్తే. అందుకని మెరీనా చూసిరా, మాల్‌కి వెళ్ళిరా అని చెప్పను. నేను వెళ్ళాను, ఇంకా దిగులుగా తిరిగొచ్చాను. చుట్టూ అందరూ కుటుంబాలతో ఉంటే మనం ఒక్కళ్ళమే ఐస్‌క్రీమ్ పట్టుకుని నిలబడటం బాగుండదు. ఏదైనా చిన్న పని పెట్టుకుని బయల్దేరు.

వచ్చే బుధవారం నీ పని ఒకటే, ఒక కట్ట ఆకుకూర కొనుక్కురావడం. హాస్టల్లో వండుకునే వీలు లేకపోతే వంటామెకి ఇవ్వు, పప్పులో వేసి పెడుతుంది.

ఏడింటికల్లా కపాలీశ్వరుడి గుడికి దక్షిణాన ఉన్న మాడ వీధికి వెళ్ళు. రోడ్డు వారనే కూరలు పరుచుకుని అమ్ముతుంటారు. ఆకుకూరలామె తడి గోనెపట్టా పైకెత్తి, లోపల్నుంచి కట్ట తీసి, వేళ్ళవైపు పట్టుకుని రెండుసార్లు విదిలించి చేతికిస్తుంది. ఆ నీళ్ళు మన పాదాల మీద పడతాయి. ‘ఇదు ఎన్న కీరై?’ అని అడుగు. కీరై అంటే ఆకుకూర. మణత్తక్కాళి అంటుంది, చూస్తే మన కామంచి. పొన్నాంగణ్ణి అంటే పొన్నగంటి, అగత్తి అంటే అవిసె, వల్లారై అంటే సరస్వతి ఆకు, పిరండై అంటే నల్లేరు. పుళిచ్చ కీరై అంటే మాత్రం కొంచెం పక్కకి జరిగి కళ్ళు తుడుచుకో, అది గోంగూర. ఆ మాట నేర్చుకున్న రోజు నాకు ఇంటికి వెళ్ళొచ్చినట్టయింది. ఇన్నాళ్ళూ నీ తమిళమంతా ‘వలిక్కుదా’, అంటే నొప్పిగా ఉందా, దాని చుట్టూనే తిరిగి ఉంటుంది. ఇక్కడ వేరే మాటలు దొరుకుతాయి. తప్పు మాట్లాడితే ఆమె సరిదిద్దుతుంది, మూడోవారానికి నువ్వు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతుంది.

ఆకలేస్తే గుడికి తూర్పున ఉన్న సందులో ‘జన్నల్ కడై’ ఎక్కడని ఎవర్నడిగినా చూపిస్తారు. జన్నల్ అంటే కిటికీ. పేరుకి తగ్గట్టే కిటికీలోంచే టిఫిన్ అందిస్తారు. నిలబడే తినాలి, కాబట్టి ఒక్కళ్ళమే వచ్చామన్న బెరుకుండదు. అక్కడందరూ ఒక్కళ్ళే.

గుళ్ళోకి వెళితే పొన్న చెట్టు దగ్గర కాసేపు కూర్చో. తమిళంలో దాన్ని పున్నై అంటారు. పార్వతి నెమలి రూపంలో శివుణ్ణి కొలిచిందని స్థలపురాణం. మయిల్ అంటే నెమలి, ఊరికి మయిలై అన్న పేరు అందుకే అంటారు. స్వామి పడమటి ముఖం, ఎదురుగా కోనేరు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, పొద్దున్నే చూసుకో.

అక్కణ్ణించి లజ్ సెంటరు దాకా నడువు, పదీ పదిహేను నిమిషాలు. లజ్ చర్చి రోడ్డులో నాగేశ్వరరావు పార్కు ఉంది. ఆ పేరు మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిదే. నీకు బాగా తెలిసిన అమృతాంజనం ఆయన 1893లో మొదలుపెట్టిందే. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టి, తర్వాత దాన్ని ఈ ఊరికి తెచ్చారు. ఆయన ఇల్లు శ్రీబాగ్ ఈ చుట్టుపక్కలే ఉండేది. కోస్తా, రాయలసీమ నాయకులు 1937 నవంబరు 16న ఒడంబడిక రాసుకున్నది ఆ ఇంట్లోనే. శ్రీబాగ్ ఒడంబడిక అని స్కూల్లో చదివే ఉంటావు. నేనూ బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను. అది నేను రోజూ కూరల సంచితో నడిచే రోడ్డు అని తెలియడానికి ఆరేళ్ళు పట్టింది.

లజ్ నుంచి రాయపేట హైరోడ్డు మీద ఇంకొంచెం ముందుకెళితే 126వ నంబరు దగ్గర ఆగు. బులుసు సాంబమూర్తి గారి ఇల్లది. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న అక్కడే నిరాహారదీక్షకు కూర్చున్నారు. యాభై ఎనిమిది రోజులు. డిసెంబరు 15 రాత్రి అక్కడే కన్నుమూశారు. ఇప్పుడది స్మారక భవనం. ఆయన పుట్టింది కూడా మద్రాసులోనే. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న వచ్చింది. ఆయన కోరిన మద్రాసు మాత్రం అందులోకి రాలేదు. మొదటిసారి ఆ గుమ్మం ముందు నిలబడినప్పుడు బయట బస్సులు హారన్లు కొడుతూ పోతూనే ఉన్నాయి, నాకు కాళ్ళు కదల్లేదు. నువ్వు నర్సువి. అన్నం లేకుండా యాభై ఎనిమిది రోజులంటే ఒంట్లో ఏమవుతుందో నాకంటే నీకే బాగా తెలుసు.

ఆ తర్వాతి బుధవారం కూడా ఇదే దారి, ఇదే ఆకుకూరలామె. కొత్త చోట్ల కోసం తొందరపడకు. ఓ నెల పోయాక 29సి బస్సెక్కి సముద్రం ఒడ్డునున్న బెసంట్ నగర్ వెళ్ళు. 2021 నుంచి సాధారణ సర్వీసు సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. డబ్బు బెంగ అక్కర్లేదు.

ఇంకొక్క మాట. ఏడుపు బుధవారం దాటి డ్యూటీ రోజుల్లోకి కూడా వస్తోందంటే దాచుకోకు. మీ ఆసుపత్రిలోనే డాక్టరుతో మాట్లాడు, అమ్మకి చెప్పు.

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ‘ఆదివారం ఊరు చచ్చిపడి ఉంటుందమ్మా, ఒక్క కొట్టూ తెరవరు’ అని ఫోన్లో వాపోతాడు. వాడికి ఏం చెప్పను?
– ఒక తల్లి, కోడంబాక్కం

జవాబు: మా అమ్మాయి అక్కడున్నప్పుడు నేను మూడు నెలలు ఉండొచ్చాను. మీ వాడు చెప్పింది నిజమే. ఆదివారం విశ్రాంతి అన్నది 1919 నాటి వాళ్ళ రాజ్యాంగంలోనే ఉంది, 1949లో కొత్తది రాసుకున్నప్పుడు కూడా అలాగే ఉంచారు. రైల్వేస్టేషన్లో కొట్లు, పెట్రోలు బంకులు, కొన్ని గంటలసేపు బేకరీలు, అంతే. ఖాళీ సీసాలు వీధి తొట్లో వేసినా చప్పుడని ఊరుకోరు. మొదటి ఆదివారం నాకూ ఊపిరాడలేదు.

రెండో ఆదివారం పొద్దున్నే బేకరీకి వెళ్ళి రొట్టె తేవడం నా పని అని మా అమ్మాయికి చెప్పాను. తిరిగొచ్చేటప్పుడు వేరే దారి పట్టాను. రైలుకట్ట పక్కన వరసగా చిన్న చిన్న తోటలు, ఒక్కోదాంట్లో ఒక బుల్లి కొయ్యగది. ఇంటి దగ్గర స్థలం లేనివాళ్ళు వాటిని అద్దెకి తీసుకుని మొక్కలు వేసుకుంటారట. కనీసం మూడోవంతు నేలలో కూరలో పళ్ళో పండించాలని నియమం. ఒక పెద్దాయన చిక్కుడుపాదుకి కర్రలు పాతుతున్నాడు. నన్ను చూసి ‘గ్రూస్ గాట్’ అన్నాడు, ఆ ప్రాంతంలో పలకరింపు అదే. నేను చెయ్యెత్తి దణ్ణం పెట్టాను. కంచె మీంచి గుప్పెడు ఎర్రటి పుల్లటి పళ్ళు అందించాడు. ఉసిరికంటే పులుపు. ఆ తర్వాత ఉన్నన్ని ఆదివారాలూ అటే వెళ్ళాను, ఒకసారి మా అమ్మాయి చేత పులిహోర చేయించి తీసుకెళ్ళాను కూడా.

మీ అబ్బాయికి ఈసర్ నది ఒడ్డున నడవమని చెప్పండి, గులకరాళ్ళ మీద జనం కూర్చుని ఉంటారు. ప్రభుత్వ చిత్రశాలల్లో కొన్నింటికి నేనున్నప్పుడు ఆదివారం టికెట్ ఒక్క యూరో. అన్నిటికంటే ముందు, సరుకులు శనివారమే కొని పెట్టుకోమనండి. సగం చిరాకు ఫ్రిజ్ ఖాళీగా ఉండటం వల్లే.

ప్రశ్న: సెలవు రోజున చెన్నైలో తెలుగు పుస్తకాలు కూర్చుని చదువుకునే చోటు ఉందా?
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: ఎగ్మూరు పాంథియన్ రోడ్డులో కన్నెమరా గ్రంథాలయానికి వెళ్ళండి. 1896లో తెరిచారు. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు చట్టప్రకారం చేరే నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి, తెలుగువీ ఉంటాయి. అదే ఆవరణలో మ్యూజియం ఉంది, అమరావతి స్తూపం శిల్పాలు అక్కడే చూడొచ్చు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, అది చూసుకుని బయల్దేరండి.