మూడు చక్రాల బండికి బైక్ టైర్లు, పక్కన ఓ అత్యాశ యాప్

ప్రశ్న: నాన్నగారికి మోకాళ్ల నొప్పులని వెనక రెండు చక్రాలున్న ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాం. వెనక టైర్లు అరిగిపోతే కొత్తవి వేయించాను. అప్పట్నుంచి మలుపు తిప్పితే బండి ఊగుతోంది, తిన్నగా వెళ్లేటప్పుడు ఎడమకి లాగుతోంది. వాల్వ్‌లకి పెట్టిన బ్లూటూత్ సెన్సర్ల యాప్‌లో మాత్రం అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఆ యాప్ కాంటాక్టులు, లొకేషన్ అనుమతులు అడిగితే ఇచ్చాను. లోపం యాప్‌దా, బండిదా? ఫొటో జత చేస్తున్నాను.
– ఓ పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: లోపం టైర్లది. ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. ప్రతి ఉత్తరంలోనూ 'యాప్‌లో అంతా బాగానే ఉంది' అన్న మాట ఉంటోంది. టైర్లో గాలి ఎంత ఉందో సెన్సర్ చెప్పగలదు. ఆ టైరు ఆ బండికి తగినదా కాదా అన్నది దానికెలా తెలుస్తుంది?

ఫొటోలో ఉన్నవి మోటార్‌సైకిల్ టైర్లు. మధ్యలో ఉబ్బి, అంచుల వైపు గుండ్రంగా దిగాయి. రెండు చక్రాల బండి మలుపులో వాలుతుంది. వాలినప్పుడు కూడా రబ్బరు రోడ్డును పట్టుకోవాలని ఆ ఆకారం ఇస్తారు. మీ స్కూటర్ వాలదు, నిటారుగానే తిరుగుతుంది. కాబట్టి నేలకి తగిలేది మధ్యలోని సన్నని పట్టీ ఒక్కటే. మలుపులో పక్కకి నెట్టే బలమంతా సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్క గోడ మీద పడుతుంది. బైక్ టైరు సైడ్‌వాల్‌ని అందుకోసం తయారుచేయరు. ముందు అది వంగుతుంది, ఆ తర్వాత బండి తిరుగుతుంది. మీకు ఊగినట్టు అనిపిస్తున్నది ఆ ఆలస్యమే.

ఇలాంటి బండికి ట్రెడ్ (టైరులో నేలకి తగిలే భాగం) చదునుగా, సైడ్‌వాల్ గట్టిగా ఉండాలి. విదేశాల్లో పెద్ద ట్రైక్‌లకి (మూడు చక్రాల మోటార్‌సైకిళ్లకి) చాలామంది వెనక కారు టైర్లు వేసుకునేది అందుకే. అయితే ముందు రెండు చక్రాలతో, మలుపులో బైక్‌లాగే వాలే మోడళ్లు కూడా ఉన్నాయి. వాటికి చదును టైరు వేస్తే వాలినప్పుడు అంచు మీద నిలబడుతుంది, అది ప్రమాదం. షాపులో సైజు ఒక్కటే చెప్పి ఊరుకోకండి. బండి వాలుతుందో లేదో కూడా చెప్పండి.

గ్రిప్ ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడమూ పొరపాటే. ముందు ఒకే చక్రం ఉండి, సన్నగా, ఎత్తుగా ఉండే బండిలో మలుపు దగ్గర టైరు మరీ గట్టిగా పట్టేస్తే, జారాల్సిన చోట మలుపు లోపలి వైపు చక్రం గాల్లోకి లేస్తుంది. మలుపులో బ్రేకు వేస్తే ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది.

ఇక ఎడమకి లాగడం. మీ రెండు టైర్ల ట్రెడ్ డిజైన్లు వేరువేరుగా ఉన్నాయి. పైన రాసిన సైజు ఒకటే అయినా, కంపెనీ మారితే చుట్టుకొలతలో కాస్త తేడా రావచ్చు. రెండు వెనక చక్రాలూ ఒకే ఇరుసుతో కలిసి తిరిగే బండి అయితే చిన్న టైరు వైపుకి లాగుతుంది. టేపుతో కొలిచి చూడండి. గాలి తేడా ఉన్నా ఇలాగే లాగుతుంది కాబట్టి, బండి చల్లగా ఉన్నప్పుడు మామూలు గేజ్‌తో కూడా ఒకసారి చూడండి. సైడ్‌వాల్ మీద ఉండే అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠ పీడనం, మీరు పెట్టాల్సింది కాదు. బండి మీది స్టిక్కర్ చూసుకోండి. నాలుగంకెల తయారీ తేదీ కూడా చూడండి: 2318 అని ఉంటే 2018లో 23వ వారం. తక్కువ తిరిగే బండికి టైరు అరగకముందే ముసలిదైపోతుంది.

నన్ను అన్నిటికన్నా కలవరపెడుతున్నది ఆ యాప్. టైరు గాలి చూపించడానికి కాంటాక్టులు ఎందుకు? ఆండ్రాయిడ్ 11 దాకా బ్లూటూత్ పరికరాన్ని వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరి, అది నిజమే. ఆండ్రాయిడ్ 12 నుంచి 'దగ్గరలోని పరికరాలు' అన్న అనుమతి విడిగా వచ్చింది. ఇప్పటికీ కొత్త ఫోన్‌లో లొకేషన్ ఇవ్వందే తెరుచుకోనని మొరాయించే యాప్‌ని బద్ధకంగా రాసి ఉండాలి, లేదా మీ సమాచారం మీద కన్నేసి ఉండాలి. రెండూ నాకు ఒప్పుకోలు కావు. నాన్నగారు రోజూ ఏ ఆసుపత్రికి, ఏ గుడికి వెళ్తున్నారో ఎవరి సర్వర్‌లోనో పోగుపడుతుంది.

టైరు సెన్సర్ల మీద ఈ అనుమానం కొత్తది కాదు. 2010లోనే అమెరికాలో రట్గర్స్, సౌత్ కరోలినా యూనివర్సిటీల పరిశోధకులు కార్ల టైరు సెన్సర్ల సంకేతాలకి ఏ రక్షణా లేదని చూపించారు. దాదాపు 40 మీటర్ల దూరం నుంచి వాటిని చదవగలిగారు. ప్రతి సెన్సర్‌కి మారని గుర్తింపు సంఖ్య ఉంటుంది కాబట్టి బండి ఎక్కడ తిరుగుతోందో కనిపెట్టవచ్చు. దొంగ సంకేతం పంపి డ్యాష్‌బోర్డులో హెచ్చరిక దీపం కూడా వెలిగించారు. ఇన్నేళ్ల తర్వాత కూడా చవక సెన్సర్లు అదే పని చేస్తుంటే, అమ్మేవాళ్లని అడిగేవారే లేరు.

ఆ యాప్‌కి కాంటాక్టులు, లొకేషన్ ఈరోజే తీసేయండి. తెరుచుకోకపోతే సెన్సర్లు వాపసు ఇచ్చి గేజ్ కొనుక్కోండి. వెనక టైర్లు రెండూ ఒకే కంపెనీవి, చదును ట్రెడ్‌వి, కంపెనీ చెప్పిన సైజులోనే వేయించండి. అప్పటిదాకా నాన్నగారిని మలుపుకి ముందే వేగం తగ్గించమనండి, మలుపులో బ్రేకు మాత్రం వద్దు.