70–200 సరే, రెండో బాడీ ఏదండీ?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో నాకు చిన్న స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, బారసాలలు తీస్తాను. పోయిన ఏడాది 22 ఆర్డర్లు చేశాను. 9,20,000 వచ్చింది. వీడియో కుర్రాళ్లకు, ఆల్బమ్ ప్రింటింగుకు, నెలకు 7,000 స్టూడియో అద్దెకు పోగా 4,30,000 మిగిలింది. ఇంటి ఖర్చు నెలకు 28,000. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 16,000. బ్యాంకులో 2,10,000 ఉంది. 20 నెలల చీటీ, నెలకు 10,000, మొత్తం 2 లక్షలది, వేసి ఏడు నెలలైంది. నా దగ్గర సోనీ ఏ7 త్రీ కెమెరా బాడీ ఒకటి (షట్టర్ 1,70,000 క్లిక్కులు దాటింది), ట్యామ్రాన్ 28–75 లెన్సు, ఒక 50 ఎంఎం లెన్సు, ఒక ఫ్లాష్ ఉన్నాయి. దూరం నుంచి ముఖాలు దగ్గరగా తీసే 70–200 ఎఫ్ 2.8 లెన్సు కొనాలని ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు రోజుకు 1,500 ఇచ్చి అద్దెకు తెస్తున్నాను. పోయిన ఏడాది 14 రోజులు తెచ్చాను. షాపులో 2,20,000కి పన్నెండు నెలల నో కాస్ట్ ఇఎంఐ ఇస్తామన్నారు, రొక్కమైతే 2,06,000 అన్నారు. చీటీ పాడితే 44,000 పోయి 1,56,000 చేతికొస్తుంది. ఆ తర్వాత వెడల్పుగా తీసే 16–35, ఉప్పలపాడు పక్షుల కోసం 150–600 లెన్సు కూడా కొనాలని ఉంది. ఏది ముందు కొనాలి? డబ్బు ఎలా సర్దాలి? మా ఆవిడ తన గొలుసు బ్యాంకులో పెడదామంటోంది.

సమాధానం: మూడు లెన్సుల పేర్లు రాశారు. నన్ను కంగారు పెట్టింది మాత్రం మీరు బ్రాకెట్లో పెట్టిన ఆ 1,70,000 క్లిక్కులు. ఏ7 త్రీ షట్టర్‌ను రెండు లక్షల క్లిక్కుల వరకు పరీక్షించామని కంపెనీ చెప్పుకుంటుంది. దాటిన మర్నాడే ఆగిపోతుందని కాదు, మూడు లక్షలు తిరిగినవీ ఉంటాయి. కానీ ఒక్క బాడీతో 22 ఆర్డర్లు తీస్తున్నారు. మాంగల్యధారణ వేళ షట్టర్ ఇరుక్కుంటే పెళ్లికొడుకుని మళ్ళీ ముడి వెయ్యమనలేం కదా! ఆ ఒక్క పెళ్లి డబ్బు తిరిగివ్వడంతో నష్టం ఆగదు. మీకు వచ్చే ఆర్డర్లలో సగం పైన ఎవరో చూసి చెప్తే వచ్చినవే అయి ఉంటాయి, బ్రాడీపేటలో ఆ కబురు రెండు రోజుల్లో తిరిగొస్తుంది.

కాబట్టి ముందు కొనాల్సింది రెండో బాడీ. కొత్తది అక్కర్లేదు. ఇంకో ఏ7 త్రీయే, సెకండ్ హ్యాండ్‌లో, క్లిక్కులు తక్కువున్నది చూడండి. బ్యాటరీలు ఒకటే, లెన్సులు ఒకటే, రెండింటి రంగులూ కలుస్తాయి, ఆల్బమ్ చేసేటప్పుడు తలనొప్పి ఉండదు. ఒకదానికి 28–75, ఇంకోదానికి 50 తగిలించుకుని తిరిగితే తలంబ్రాల మధ్యలో లెన్సు మార్చే పనీ తప్పుతుంది. దీనికి 90,000 మించి పెట్టకండి. పాత బిల్లు, సీరియల్ నంబరు అడిగి తీసుకోండి. మన కృష్ణా, గుంటూరు ఉక్కలో లెన్సులకు బూజు పట్టడం మామూలే, అందుకే సెకండ్ హ్యాండ్ లెన్సు ఎప్పుడు కొన్నా టార్చి వేసి లోపలికి చూడందే డబ్బివ్వకండి.

ఇక 70–200 సంగతి. దీని మీద మీకున్న మోజు నాకు అర్థమైంది, అందుకే లెక్క పూర్తిగా వేస్తాను. రొక్కం పెట్టి 2,06,000కి కొన్నారనుకుందాం. మూడేళ్లు వాడి 1,30,000కి అమ్మగలిగితే విలువలో పోయింది 76,000, అంటే ఏడాదికి 25,000 పైచిలుకు. అదే డబ్బు ఏడు శాతానికి ఎఫ్‌డీలో ఉంటే వచ్చే 14,000 కూడా వదులుకుంటున్నారు. మొత్తం ఏడాదికి 39,000. రోజుకు 1,500 అద్దెతో భాగిస్తే 26 రోజులు. ఏడాదికి 26 రోజులు దాటి వాడితే కొనడం మేలు, లోపయితే అద్దె మేలు. మీరు వాడింది 14 రోజులు, అయిన ఖర్చు 21,000.

మీరు వెంటనే ఒక మాట అంటారు: పెద్ద ముహూర్తం రోజున అద్దెకు దొరకదు సార్ అని. నిజమే. మాఘంలోనో వైశాఖంలోనో ఒకే రాత్రి ఊరంతా పెళ్లిళ్లుంటే, గుంటూరులోనూ విజయవాడలోనూ ఉన్న 70–200లన్నీ ముందే బుక్ అయిపోతాయి. దానికి లెన్సు కొనక్కర్లేదు. ఆర్డర్ ఒప్పుకుని అడ్వాన్సు తీసుకున్న రోజే అద్దె లెన్సుకు కూడా చెప్పేయండి, ఆ 1,500 కొటేషన్‌లోనే వెయ్యండి. అప్పటికీ దొరక్కపోతే ఆ లోటు చాలావరకు తీర్చే లెన్సు ఒకటుంది, మీ జాబితాలో లేనిది: 85 ఎంఎం ఎఫ్ 1.8. మంటపం కింద నుంచి పెళ్లికూతురి ముఖం, మేనమామ కళ్లలో నీళ్లు, ఇలాంటివన్నీ దీంతో వస్తాయి. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ, కాబట్టి రాత్రి ముహూర్తాల్లో ఎఫ్ 2.8 కంటే దాదాపు రెండున్నర రెట్లు వెలుతురు లాగుతుంది. బరువు తక్కువ. ధర 70–200 ధరలో నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది, కాబట్టి వచ్చే సీజన్ మిగులులోంచే, అప్పు లేకుండా కొనొచ్చు.

నా మాట నమ్మక్కర్లేదు, మీ హార్డ్ డిస్కునే అడగండి. లైట్‌రూమ్‌లో పోయిన ఏడాది పెళ్లిళ్లు తెరిచి, లైబ్రరీ ఫిల్టర్‌లో మెటాడేటా నొక్కి, ఫోకల్ లెంగ్త్ (ఎన్ని ఎంఎం దగ్గర తీశారో) వారీగా చూడండి. తీసినవన్నీ కాదు, పెళ్లివారు ఆల్బమ్‌కు ఎంచుకున్నవి మాత్రమే. జీలకర్ర బెల్లం దగ్గర మీరు మంటపం పైనే, రెండడుగుల దూరంలో నిలబడి ఉంటారు. మీ వెనక వీడియో కెమెరా, దాని వెనక ఎల్ఈడీ లైటు పట్టుకున్న కుర్రాడు. అక్కడ 135 ఎంఎం పైన తీసిన ఫొటోలు ఎన్నుంటాయో చూసుకోండి. పదింట ఒకటి కూడా లేకపోతే 70–200 మీద ఉన్నది మోజే తప్ప అవసరం కాదని తేలిపోతుంది. పదింట మూడుంటే నేను పైన వేసిన లెక్క మీకు వర్తించదు, కొనడం గురించి గట్టిగానే ఆలోచించండి. అప్పుడు కూడా కంపెనీ లెన్సే అని పట్టుబట్టొద్దు. సోనీ మౌంటుకు బయటి కంపెనీల లెన్సులు బోలెడు. ట్యామ్రాన్ 70–180 ఎఫ్ 2.8 ఆ ధరకు చాలా తక్కువలో దొరుకుతుంది. చివర 20 ఎంఎం తగ్గిందని ఏ పెళ్లివారూ అడగరు.

16–35 ఇప్పుడు వద్దు, 28తో మంటపం డెకరేషన్ వచ్చేస్తుంది.

150–600 వ్యాపారం పద్దులో రాయకండి, అది మీ సరదా. సరదా తప్పని నేననను, ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉంటే ఎవరికైనా కెమెరా తియ్యాలనిపిస్తుంది. చలికాలంలో 70–200 అద్దెకు తెచ్చిన పెళ్లి మర్నాడు, తిరిగిచ్చే ముందు, పొద్దున్నే ఒక గంట అటు వెళ్లి రండి. మీ బాడీలో ఏపీఎస్-సీ క్రాప్ (సెన్సర్ మధ్య భాగం మాత్రమే వాడే సెట్టింగ్) పెడితే 200 ఎంఎం 300 లాగా పనిచేస్తుంది. ఫైలు పది మెగాపిక్సెల్స్‌కు తగ్గుతుంది, గోడకు పెట్టుకునే ప్రింటుకు అది చాలు.

ఇప్పుడు డబ్బు. మీది జీతం కాదు, పంచాంగం చూసి వచ్చే ఆదాయం. ఆషాఢం, ధనుర్మాసం, ఆపైన మూఢం. 2024 గుర్తుంది కదా? ఏప్రిల్ చివర మూఢం మొదలై మే, జూన్ ముహూర్తాల్లేకుండా పోయాయి, ఆ వెంటే జులైలో ఆషాఢం. నిండు వేసవిలో ఫొటోగ్రాఫర్లు ఖాళీగా కూర్చున్నారు. అలాంటి నెలల్లో మీ ఇంటి ఖర్చు 28,000లో ఆవిడ జీతం 16,000 పోగా 12,000, స్టూడియో అద్దె 7,000, చీటీ డివిడెండు (పాటలో పోయినదాంట్లో సభ్యులకు పంచేది) పోను 9,000. మొత్తం 28,000 చేతి నుంచి పడాలి. దాని మీద లెన్సు ఇఎంఐ 18,333 కూడా కలిస్తే నెలకు 46,000 పైన. ఇఎంఐకి మూఢం తెలియదు.

అందుకని నాలుగు నెలలకు సరిపడా 1,12,000 విడిగా ఎఫ్‌డీలో పెట్టేయండి. బ్యాంకులో మిగిలేది 98,000. అందులోంచే రెండో బాడీ. అయితే ఒక్కటి చూసుకోండి: ఆ 2,10,000లో రాబోయే పెళ్లిళ్లకు తీసుకున్న అడ్వాన్సులు ఎంత? ఆల్బమ్ చేతికిచ్చేదాకా అడ్వాన్సు మీ డబ్బు కాదు, ప్రింటింగు వాడిది, వీడియో కుర్రాళ్లది. దాన్ని తీసేశాక 98,000 కాస్తా 60,000 అయితే బాడీని రెండు పెళ్లిళ్ల తర్వాత కొనండి, ఈలోపు ప్రతి ఆర్డరుకూ ఒక బాడీ అద్దెకు తెచ్చుకోండి.

చీటీ ఇప్పుడు పాడొద్దు. ఏడు నెలల్లో డివిడెండు పోను సుమారు 57,000 కట్టి ఉంటారు. 1,56,000 చేతికొస్తే అందులో 57,000 మీ సొమ్మే, కొత్తగా వచ్చే అప్పు 99,000. దానికి మిగిలిన 13 నెలలు సగటున 9,100 చొప్పున 1,18,000 పైన కడతారు. నెల నెలా తీరుతూ పోయే అప్పు కాబట్టి లెక్క కడితే నెలకు నూటికి రెండున్నర రూపాయల పైన వడ్డీ పడుతోంది. అదే నో కాస్ట్ ఇఎంఐ తీసుకుంటే, రొక్కానికి వచ్చే 14,000 తగ్గింపు పోవడమే అసలు వడ్డీ. ఆ వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు కలిపితే నూటికి రూపాయి పావలా దాటుతుంది. నో కాస్ట్ అన్నది పేరుకే. అయినా చీటీ పాట కన్నా అదే చవక. మీ వాళ్లలో చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు.

షాపులో బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. బిల్లు లేకపోతే వారంటీ లేదు, బీమా క్లెయిమూ లేదు. జీఎస్టీ వెనక్కి తీసుకోవచ్చని ఎవరైనా చెప్తే అది మీకు కాదు: సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మీ రాబడి అందులో సగం కూడా లేదు, రిజిస్టర్ కానివారికి ఆ పన్ను ఖర్చే. 2,20,000లో పన్ను 33,559. మీరు ఆదాయపు పన్ను రిటర్ను ప్రిజంప్టివ్ పద్ధతిలో (రాబడిలో ఇంత శాతం లాభమని లెక్కగట్టి) వేస్తుంటే లెన్సు మీద తరుగుదల విడిగా చూపించే వీలు కూడా లేదు. పన్ను కలిసొస్తుందని మాత్రం ఏదీ కొనకండి.

బీమా ఊసు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, కెమెరాకీ లేదు, మనుషులకీ లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లూ దుకాణాలూ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కెమెరాలకు ఆల్ రిస్క్ పాలసీ తీసుకోండి, వరద, దొంగతనం, బయటి ఊళ్లలో షూటింగ్ ఉన్నాయో లేదో చదివి మరీ. కారులో వదిలేసిన సామాను పోతే ఇస్తారో లేదో తప్పకుండా అడగండి, రాత్రి పెళ్లిళ్లలో ఎక్కువ పోయేది అక్కడే. ఇంట్లో ముగ్గురో నలుగురో ఎంతమంది ఉన్నారో రాయలేదు, ఎంతమందైనా ఆరోగ్య బీమా 85 ఎంఎం కన్నా ముందు.

మీ ఆవిడ గొలుసు మాట తీసిపారెయ్యకండి. బంగారం మీద బ్యాంకు అప్పు నూటికి రూపాయి లోపే దొరుకుతుంది, మీరు చెప్పిన దారుల్లో అన్నిటికన్నా చవక అదే. కానీ 70–200 కోసం వద్దు. నడి సీజన్‌లో ఉన్న బాడీ ఆగిపోయి, పక్క వారమే పెళ్లి ఉంటే, అప్పుడు పెట్టండి, ఆ సీజన్ ఆర్డర్లతోనే విడిపించండి. పెద్ద మొత్తం కావాలనుకున్న రోజున ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుని (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు, ఉచితమే, ఎవరికీ డబ్బివ్వకండి) ముద్రా రుణ పథకంలో కిశోర్ విభాగం కింద అడగండి, 50,000 నుంచి 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు.

చీటీ రిజిస్టరయిందో లేదో ఒకసారి కనుక్కుని, అయితే చివరి మూడు నాలుగు నెలల దాకా ఆగండి. అప్పటికి పాటలో పోయేది బాగా తగ్గుతుంది. ఈలోపు అద్దె లెన్సు తెచ్చిన ప్రతిసారీ తేదీ ఒక డైరీలో రాసుకోండి. ఏడాదికి 26 రోజులు దాటాయా, చీటీ డబ్బుతో లెన్సు కొనేయండి, నన్ను మళ్ళీ అడగక్కర్లేదు.